లివర్‌లో మచ్చ కనిపిస్తే క్యాన్సర్ పాకినట్టేనా?

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయి, కీమో, రేడియేషన్ కూడా పూర్తయిన ఒక కోవూరు ఆవిడ అనుకుందాం. చెకప్‌లో భాగంగా నెల్లూరు పొగతోటలో పొట్ట స్కానింగ్ తీయించారు. లివర్ కుడి భాగంలో 14 మిల్లీమీటర్ల 'హైపర్‌ఎకోయిక్ లీజన్' (స్కానింగ్‌లో తెల్లగా కనిపించే మచ్చ) ఉందని రిపోర్టు వచ్చింది. మెటాస్టాసిస్ (వేరే చోటి క్యాన్సర్ పాకి రావడం) కాదని తేల్చుకోవడానికి సీటీ తీయించమని కింద ఒక వాక్యం రాశారు. ఆవిడ ఇల్లు చేరేలోపే కొడుకు ఆ మాటలన్నీ ఫోన్లో వెతికేశాడు. సాయంత్రానికి చుట్టాలందరికీ కబురు చేరింది: "లివర్‌కి పాకిందంట." మర్నాడు పినాకినిలో చెన్నై ప్రయాణం.

రిపోర్టు మాత్రం పాకిందని ఎక్కడా అనలేదు. అక్కడ ఏదో ఉంది, అదేమిటో అల్ట్రాసౌండ్‌తో తేలలేదు, ఇంకో పరీక్ష చేయండి అంది, అంతే. అది డాక్టరు కోసం డాక్టరు రాసిన వాక్యం. క్యాన్సర్ చరిత్ర ఉన్న మనిషి లివర్‌లో ఏ చిన్న మచ్చ కనిపించినా ఏ రేడియాలజిస్టయినా ఆ వాక్యం రాయక తప్పదు. చిక్కేమిటంటే, అదే కాగితం రోగి చేతికీ వస్తుంది, దాని అర్థం చెప్పేవాళ్ళు పక్కన ఉండరు.

లివర్ మీద అనుమానం రావడానికి కారణం లేకపోలేదు. పేగులు, పొట్ట, క్లోమం నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర ద్వారా ముందు లివర్‌లోకే వెళ్తుంది. పెద్దపేగు క్యాన్సర్ కణాలు రక్తంలో పడితే మొదట ఆగే చోటు ఇదే. రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లూ ఇక్కడికి పాకుతాయి. కానీ ఏ క్యాన్సరూ లేని మనుషుల లివర్‌లో కూడా మచ్చలు చాలా మామూలు. నీటి బుడగల్లాంటి సిస్టులు, రక్తనాళాలు ముద్దకట్టినట్టుండే హెమాంజియోమాలు ఎంతోమందికి ఏళ్ళ తరబడి ఉంటాయి, ఏమీ చేయవు. స్కానింగ్ తీయించుకోనంత కాలం వాటి సంగతి ఎవరికీ తెలియదు. క్యాన్సర్ వచ్చినవాళ్ళకి స్కానింగ్‌లు ఎక్కువ కాబట్టి వాళ్ళలో ఇవి ఎక్కువగా బయటపడతాయి. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

గడ్డ రక్తం తాగే తీరు

మచ్చ ఏమిటో తేల్చేది దాని ఆకారం కన్నా దాని ప్రవర్తన. లివర్‌కి రెండు దారుల్లో రక్తం అందుతుంది. నాలుగింట మూడు వంతులు పోర్టల్ సిర నుంచి, మిగతా పావు వంతు హెపాటిక్ ధమని నుంచి. లివర్‌లో పెరిగే గడ్డలు మాత్రం ఎక్కువగా ధమని రక్తం మీదే బతుకుతాయి. ఈ తేడా ఉండబట్టే పరీక్ష సాధ్యమైంది. రక్తాన్ని స్కాన్‌లో తెల్లగా చూపించే కాంట్రాస్ట్ మందు చేతి నరంలో ఎక్కించి, ధమనిలో మందు నిండే సమయంలో, అంటే సుమారు 30 నుంచి 35 సెకన్లకు ఒకసారి స్కాన్ చేస్తారు. పోర్టల్ సిర నిండే 70 సెకన్ల దగ్గర రెండోసారి, మూడు నుంచి ఐదు నిమిషాల తర్వాత మూడోసారి. దీన్నే ట్రిపుల్ ఫేజ్ సీటీ అంటారు. గడ్డ ఎప్పుడు మెరిసింది, ఎటువైపు నుంచి మెరిసింది, ఎప్పుడు మసకబారింది అన్నది ఈ మూడు బొమ్మలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

హెమాంజియోమా తీరు చూడండి. ఎండిన మడికి కాలువ నీళ్ళు వదిలితే గట్ల పక్కన ముందు తడిసి, మధ్యలోకి మెల్లగా పాకుతుంది కదా, కాంట్రాస్ట్ మందు దీనిలో అలాగే నిండుతుంది. మొదటి బొమ్మలో అంచు వెంట తెల్లటి చుక్కలు, అవీ తెగి తెగి, ఒకదానికొకటి అంటకుండా. రెండో బొమ్మలో ఆ చుక్కలు పెద్దవై లోపలికి జరుగుతాయి. ఆలస్యంగా తీసిన మూడో బొమ్మకు దాదాపు మొత్తం నిండిపోతుంది. అసలు గుర్తు ఇంకొకటి ఉంది: ప్రతి దశలోనూ నిండిన భాగం తెలుపు పక్కనున్న రక్తనాళాల తెలుపుతో సరిపోలుతుంది. దానిలో ఉన్నదే రక్తం కాబట్టి. ఈ వరస స్పష్టంగా కనిపిస్తే బయాప్సీ అక్కర్లేదు. పైగా రక్తంతో నిండిన గడ్డలో సూది గుచ్చితే లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి వద్దంటారు కూడా.

పాకిన క్యాన్సర్ గడ్డ తీరు వేరు. పెద్దపేగు, ఊపిరితిత్తులు, రొమ్ము నుంచి వచ్చినవి సాధారణంగా స్కాన్ రెండో దశలో (పోర్టల్ సిర నిండేటప్పుడు) చుట్టూ ఉన్న లివర్ కన్నా నల్లగా కనిపిస్తాయి. అంచు మెరిస్తే తెగని గాజులా చుట్టూతా ఒకే వలయంగా మెరుస్తుంది. మధ్యలో కణాలు చచ్చిపోయి ఉంటే అక్కడ మందు చేరదు. తరచుగా ఒకటి కాకుండా రకరకాల సైజుల్లో అనేకం ఉంటాయి. సిస్టు సంగతి అన్నిటికన్నా తేలిక. అది ఏ దశలోనూ మెరవదు. సీటీలో సాంద్రతని కొలిచే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో (సీటీ కనిపెట్టినందుకు 1979లో నోబెల్ పంచుకున్న గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ పేరే అది) నీళ్ళు 0, గాలి మైనస్ 1000. సాదా సిస్టు 0 నుంచి 20 మధ్య ఉంటుంది, అంటే లోపల ఉన్నది ఇంచుమించు నీళ్ళే.

ఇంతవరకూ బాగానే ఉంది. మినహాయింపుల దగ్గరే తలనొప్పి. కిడ్నీ, థైరాయిడ్, న్యూరోఎండోక్రైన్ రకం (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే) క్యాన్సర్లు పాకితే ఆ గడ్డలు మొదటి దశలోనే ధగధగా మెరిసి, రెండో దశకు చుట్టూ ఉన్న లివర్‌లో కలిసిపోవచ్చు. రెండు సెంటీమీటర్ల లోపు హెమాంజియోమాలు కొన్ని కూడా అంచు నుంచి నింపుకోకుండా మొదటి దశలోనే ఒక్కసారిగా మెరుస్తాయి. అప్పుడు మూడో బొమ్మే దిక్కు. హెమాంజియోమా రక్తనాళాలతో సమానంగా తెల్లగా నిలిచి ఉంటుంది, క్యాన్సర్ గడ్డ మందును వదిలేసి మసకబారుతుంది. మామూలు పొట్ట సీటీలో చాలాసార్లు రెండో దశ ఒక్కటే తీస్తారు. పెద్దపేగు క్యాన్సర్ ఫాలో-అప్‌కి అది సరిపోతుంది కూడా. మచ్చ ఏమిటో తేల్చడానికి తీసేటప్పుడు మాత్రం చీటీ మీద ఆ సంగతి, పాత జబ్బు సంగతి రాసి ఉండాలి. ఉత్తి 'సీటీ అబ్డామెన్' అని రాసిన చీటీతో వెళ్తే డబ్బులు ఖర్చయి, ప్రశ్న అలాగే మిగులుతుంది.

కొవ్వు పెట్టే తిప్పలు

కోవూరు ఆవిడ 14 మిల్లీమీటర్ల మచ్చ దగ్గరికి వద్దాం. అల్ట్రాసౌండ్‌లో తెల్లగా, అంచులు తేటగా, గుండ్రంగా ఉంటే చాలావరకు హెమాంజియోమానే. ఏ జబ్బూ లేని మనిషిలో కనిపిస్తే అంతటితో వదిలేస్తారు. కానీ పెద్దపేగు నుంచి పాకినవి కూడా కొన్నిసార్లు తెల్లగానే కనిపిస్తాయి కాబట్టి క్యాన్సర్ చరిత్ర ఉన్నవాళ్ళకి అల్ట్రాసౌండ్ మాట మీద సంతకం పెట్టరు.

దీనికి తోడు ఫ్యాటీ లివర్. షుగరు, పొట్ట, కూర్చుని చేసే పనులు పెరిగాక ఇది ఇంటింటి జబ్బయింది. కొవ్వు లివర్ అంతా ఒకేలా పట్టదు. ఒక చోట ఎక్కువ పట్టి తెల్లటి మచ్చలా, ఒక చోట పట్టకుండా వదిలేసి నల్లటి మచ్చలా కనిపిస్తుంది. గాల్‌బ్లాడర్ పక్కన, లివర్‌ని రెండుగా విడదీసే ఫాల్సిఫామ్ లిగమెంట్ పక్కన ఇలా జరగడం మరీ మామూలు. నిజమైన గడ్డ పక్క రక్తనాళాలను నెట్టేస్తుంది, వంచుతుంది. కొవ్వు మచ్చలోంచి రక్తనాళాలు ఏమీ ఎరగనట్టు తిన్నగా వెళ్ళిపోతాయి. ఈ ఒక్క గుర్తు ఎన్నో కుటుంబాల టెన్షన్ తీర్చగలదు. కీమో మందులు కొన్ని, రొమ్ము క్యాన్సర్‌కి ఏళ్ళ తరబడి వాడే టామోక్సిఫెన్ మాత్ర కూడా లివర్‌కి కొవ్వు పట్టిస్తాయి. అంటే వైద్యానికి ముందు స్కాన్‌లో లేని మచ్చ, వైద్యం తర్వాత కొత్తగా కనిపించినా అది కొవ్వే కావచ్చు. ఎమ్మారైలో కొవ్వుని వేరు చేసి చూపించే పద్ధతి ఉంది, అక్కడ నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంకో వింత కూడా జరుగుతుంది. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించినవాళ్ళలో కొందరికి ఏళ్ళ తర్వాత లివర్‌లో చిన్న చిన్న ముద్దలు పుడతాయి. ఇవి ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లాసియా అనే హాని లేని గడ్డలకు దగ్గరివి. మందు వల్ల సన్నటి రక్తనాళాలు దెబ్బతిని, లివర్ కణాలే అక్కడక్కడ గుంపుగా పెరగడం వల్ల వస్తాయని భావిస్తారు. జబ్బు తగ్గిన ఇన్నాళ్ళకు కొత్త గడ్డలంటే ఎవరికైనా గుండె జారిపోతుంది. గాడాక్సెటిక్ ఆసిడ్ అనే ప్రత్యేక కాంట్రాస్ట్‌తో ఎమ్మారై తీసి, మందు ఎక్కించాక 20 నిమిషాలకు చూస్తే, లివర్ కణాలున్న ముద్ద ఆ మందును పీల్చుకుని మెరుస్తుంది. పాకిన క్యాన్సర్‌లో లివర్ కణాలు ఉండవు కాబట్టి నల్లగా ఉండిపోతుంది. అయితే సిస్టూ హెమాంజియోమా కూడా ఆ బొమ్మలో నల్లగానే కనిపిస్తాయి. ఒక్క బొమ్మ చూసి తీర్పు చెప్పలేకపోవడానికి కారణాల్లో ఇదొకటి.

మన వైపు మరిచిపోకూడనివి

ఇంగ్లీషులో ఈ విషయం మీద దొరికే సమాచారం చాలావరకు పడమటి దేశాల రోగుల గురించి రాసింది. అక్కడ అరుదుగా చూసే కొన్ని జబ్బులు ఇక్కడ సాధారణం, అవి క్యాన్సర్ వేషం బాగా వేస్తాయి.

నెల్లూరు, ప్రకాశం రెండూ గొర్రెల సీమలు. నెల్లూరు జోడిపి, నెల్లూరు బ్రౌన్ గొర్రెలకు దేశమంతా పేరుంది. గొర్రెలూ కుక్కలూ కలిసి తిరిగే చోట హైడాటిడ్ జబ్బు ఉంటుంది. కోసిన గొర్రె లోపలి భాగాలు కుక్కలకు పడేస్తారు. వాటిలోని తిత్తుల నుంచి కుక్క పేగులో ఎకినోకాకస్ అనే చిన్న పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క మలంతో బయటికొచ్చి, చేతుల మీదుగా, కడగని ఆకుకూరల మీదుగా మనిషి కడుపులోకి చేరతాయి. తర్వాత లివర్‌లో నీటి తిత్తి ఏర్పడి ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. లోపల పిల్ల తిత్తులు కనిపిస్తే, గోడకు సున్నం పట్టి ఉంటే గుర్తుపట్టడం సులువు. లోపలి పొరలు ఊడి, ముద్దలా మారిన పాత తిత్తి మాత్రం గడ్డలాగే ఉంటుంది. హైడాటిడ్ అన్న ఆలోచన లేకుండా దానికి సూది గుచ్చితే లోపలి నీళ్ళు పొట్టలోకి కారి తీవ్రమైన అలర్జీ రావచ్చు, జబ్బు పొట్టంతా చల్లుకోవచ్చు. గొర్రెలు కాసే ఇంట్లోంచి వచ్చిన మనిషైతే ఆ సంగతి డాక్టరు అడగకపోయినా చెప్పాలి.

అమీబా చీముగడ్డ ఇంకొకటి. జ్వరం, కుడి డొక్కలో నొప్పి ఉంటే అనుమానం అటే పోతుంది. జ్వరం అంతగా లేని ముసలివాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో మాత్రం సీటీలో మెరిసే వలయం, మధ్యలో నల్లటి గుల్ల చూసి క్యాన్సర్ అనుకునే అవకాశం ఉంది. మెట్రోనిడజోల్‌తో మనిషి కోలుకున్నాక కూడా ఆ గుల్ల స్కాన్‌లో నెలల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి ఈమధ్య వచ్చి తగ్గిన జ్వరం కూడా చెప్పాల్సిన విషయమే. వరి మడుల్లో బురదలో పనిచేసే షుగర్ రోగులకు మట్టిలోని బ్యాక్టీరియా వల్ల మెలియాయిడోసిస్ రావచ్చు. అది లివర్‌లోనూ ప్లీహంలోనూ ఒకేసారి అనేక చిన్న చీముగడ్డలు పుట్టిస్తుంది. స్కాన్‌లో చూస్తే చల్లినట్టుండే ఆ మచ్చలు పాకిన క్యాన్సర్‌ని తలపిస్తాయి. టీబీ కూడా ఇంతే.

సిరోసిస్ ఉన్నవాళ్ళ లెక్క పూర్తిగా వేరు. గట్టిపడిన లివర్‌కి వేరే చోటి క్యాన్సర్ పాకడం అరుదు. అక్కడే పుట్టే హెపాటోసెల్యులర్ కార్సినోమా మీదే ముందు అనుమానపడతారు. మొదటి దశలో మెరిసి తర్వాత మసకబారే ఆ గడ్డని చాలాసార్లు బయాప్సీ లేకుండానే నిర్ధారిస్తారు.

సెంటీమీటరు లోపువి

సీటీ ఇప్పుడు ఎంత సన్నగా కోస్తుందంటే నాలుగైదు మిల్లీమీటర్ల చుక్కలు కూడా కనిపిస్తాయి. అంత చిన్నదాంట్లో మందు ఎలా నిండింది, సాంద్రత ఎంత అని కొలవడం కుదరదు. రిపోర్టులో 'ఏమిటో తేల్చి చెప్పలేనంత చిన్నది' అని రాస్తారు. చదివేవాళ్ళకు ఇది తప్పించుకునే మాటలా అనిపిస్తుంది, కానీ అంతకన్నా నిజాయితీగా రాయడం కష్టం. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, క్యాన్సర్ రోగుల లివర్‌లో సెంటీమీటరు లోపు కనిపించిన మచ్చల్ని వెంబడించి చూశారు. అలాంటి మచ్చలున్నవాళ్ళలో 80 శాతం మందికి అవి హాని లేనివని తేలింది. పాకిన క్యాన్సర్ అయింది సుమారు 12 శాతం మందిలో. క్యాన్సర్ ఉన్నవాళ్ళలోనే పరిస్థితి ఇది. అలాగని ఆ 12 శాతాన్ని తేలిగ్గా తీసుకోలేం, అందుకే ఎమ్మారై చేయించమంటారు లేదా కొన్ని నెలలు ఆగి మళ్ళీ స్కాన్ తీయించమంటారు. పాకిన గడ్డ నెలల్లో పెరుగుతుంది. సిస్టు, హెమాంజియోమా చాలావరకు అలాగే ఉంటాయి. ఈ ఆగడం చేతకానితనం కాదు, కాలాన్ని పరీక్షగా వాడుకోవడం. ఇంట్లోవాళ్ళకు మాత్రం ఆ రెండు మూడు నెలలు నరకం, అది వేరే సంగతి.

ఈ ఆత్రంలోనే చాలామంది పెట్ స్కాన్‌కి పరిగెత్తుతారు. ఖరీదైనది కాబట్టి గొప్పదనే నమ్మకం ఒకటి ఉంది. లివర్ చిన్న మచ్చల విషయంలో నాకు దాని మీద అంత గురి లేదు. ఆ స్కాన్‌కి చక్కెర లాంటి మందు ఎక్కిస్తారు, లివర్ సహజంగానే దాన్ని కొంత పీల్చుకుని మెరుస్తుంది, ఆ వెలుగులో సెంటీమీటరు లోపు గడ్డలు కనబడకుండా పోతాయి. చీముగడ్డ, టీబీ కూడా క్యాన్సర్‌లాగే వెలుగుతాయి. వేరే చోట్లకు పాకిందా అని ఒళ్ళంతా వెతకడానికి అది మంచి సాధనం. లివర్‌లో ఈ ఒక్క మచ్చ ఏమిటో తేల్చడానికి మంచి కాంట్రాస్ట్ ఎమ్మారైదే పైచేయి. దానిలోని డిఫ్యూజన్ బొమ్మలు, కణాలు కిక్కిరిసి నీటి కదలిక ఆగిపోయిన చోట్లను పట్టిస్తాయి. టీ-2 బొమ్మల్లో సిస్టూ హెమాంజియోమా లైటు వేసినట్టు వెలుగుతాయి, క్యాన్సర్ గడ్డ ఓ మోస్తరుగానే ఉంటుంది. క్యాన్సర్ ఆనవాలు వెతికే సీఈఏ లాంటి రక్తపరీక్షలు పక్క సాక్ష్యాలు మాత్రమే. పొగతాగేవాళ్ళకు సీఈఏ కొంచెం ఎక్కువగా ఉండొచ్చు, పాకిన తర్వాత కూడా కొందరికి నార్మల్‌గానే ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక కూడా తేలకపోతే, లేదా తేలే జవాబు వైద్యాన్ని మార్చేదైతే, అప్పుడు బయాప్సీ. రక్తం గడ్డకట్టే తీరు, ప్లేట్‌లెట్లు చూసుకుని సన్నటి ముక్క తీస్తారు. ఆ ముక్క క్యాన్సరో కాదో చెప్పి ఊరుకోదు, ఏ అవయవం నుంచి వచ్చిందో కూడా ప్రత్యేక రంగు పరీక్షలతో చెబుతుంది. రొమ్ము క్యాన్సర్‌లో ఇంకో ఉపయోగం ఉంది: హార్మోన్ రిసెప్టర్లు, హర్-2 (ఏ మందు పనిచేస్తుందో చెప్పే గుర్తులు) మొదటి గడ్డలో ఒకలా ఉండి పాకిన గడ్డలో మారిపోవచ్చు, దాన్ని బట్టి మందులు మారతాయి. "సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది" అన్న భయంతో బయాప్సీ వద్దనే కుటుంబాలు మన దగ్గర ఎక్కువ. సూది దారిలో కణాలు పడటం ఉంది గానీ అరుదు. ఆపరేషన్‌తో తీసేసే అవకాశం ఉన్న గడ్డ అయితే సర్జన్‌ని అడిగాకే సూది వేయడం మంచిది.

తప్పు ముద్ర పడితే రెండు వైపులా నష్టమే. హెమాంజియోమాని పాకిన క్యాన్సర్ అనుకుంటే, మొదటి గడ్డని ఆపరేషన్‌తో తీసేసి నయం చేసుకోగలిగిన మనిషి నాలుగో స్టేజి లెక్కలోకి వెళ్ళిపోతాడు. ఆ మాట విన్నాక పొలం అమ్మి వైద్యం చేయించేవాళ్ళూ ఉన్నారు, ఇక ఎందుకులే అని ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళూ ఉన్నారు. నిజంగా పాకినదాన్ని ఏమీ లేదని వదిలేస్తే ఆ నష్టం చెప్పక్కర్లేదు. పెద్దపేగు నుంచి లివర్‌కి పాకిన గడ్డలు కొన్నే ఉండి తీసేయగలిగితే, అలా ఆపరేషన్ అయినవాళ్ళలో పదిమందికి నలుగురి దాకా ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. పాకింది అన్నంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు.

పరీక్షకు వెళ్ళే ముందు కిడ్నీల సంగతి చూసుకోవాలి. ఫ్లోరైడ్ నీళ్ళు, కిడ్నీ జబ్బులు ఉన్న కనిగిరి వైపు వాళ్ళకు ఈ మాట మరీ అవసరం. కాంట్రాస్ట్ ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఉండాలి, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు సన్నటి గాలి బుడగల మందుతో చేసే కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ ఒక దారి. దానిలోనూ గడ్డ నిండే తీరు కళ్ళముందే కనిపిస్తుంది, ఆ మందు కిడ్నీల మీద భారం వేయదు.

అన్నిటికన్నా చవకైన పరీక్ష ఇంట్లో బీరువాలోనే ఉండొచ్చు. మొదట క్యాన్సర్ బయటపడ్డప్పుడు తీసిన సీటీ, అంతకుముందు గాల్‌బ్లాడర్ రాళ్ళకో కిడ్నీలో రాయికో తీయించిన స్కాన్. అదే మచ్చ అదే చోట, అదే సైజులో రెండేళ్ళ క్రితమే ఉందని కనిపిస్తే, పాకిందన్న అనుమానం చాలావరకు అక్కడే తీరిపోతుంది. దానికి రిపోర్టు కాగితం చాలదు, ఎందుకంటే అప్పటి రేడియాలజిస్టు ఆ మచ్చని చూసి పట్టించుకోకుండా వదిలేసి ఉండొచ్చు. ఫిల్ముని కిటికీ వెలుగులో పెట్టి ఫోన్‌తో తీసిన వాట్సాప్ ఫొటో కూడా పనికిరాదు, దాని మీద సాంద్రత కొలవలేరు, దశలు పక్కపక్కన పెట్టి చూడలేరు. కావాల్సింది సీడీ. స్కానింగ్ సెంటర్‌లో ఫిల్ములతో పాటు దాన్ని కూడా అడిగి తీసుకోవాలి. పాత సీడీ పోతే, డేటా వాళ్ళ కంప్యూటర్‌లో ఇంకా ఉందేమో తేదీ, ఐడీ నంబరు చెప్పి కనుక్కోవాలి.